సంచారభూతము - పాచికధర్మము

కొత్తపట్నము పల్లెపాలెమున తెల్లవారుజామున పడవను నీటిలోనికి త్రోయు జాలరికి ఆపదలు రెండు విధములు. మొదటిది చోటు విడువని ఆపద. అలలు విరుగు తావు, వల చిక్కుకొను తావు, వాగునీరు సముద్రములో కలిసి సుడి తిరుగు తావు - ఇవి అతనికి తాతతండ్రులనాటినుండి తెలిసినవే. వానిని గుర్తుంచుకొన్న చాలును. రెండవది తిరుగాడు ఆపద. గాలి ఏ వేళ మారునో, మబ్బు ఏ దిక్కున పట్టునో ఏ తాతయు చెప్పి పోలేదు. దానికి జ్ఞాపకశక్తి చాలదు, జాగరూకత కావలెను. ఇంకను కొంత దూరము పోయి మరియొక వల వేయుదునా, చేజిక్కినదానితో ఒడ్డు చేరుదునా అని అతడు గడియ గడియకును తనలో తాను తర్కించుకొనుచుండును. మొదటి ఆపద అతనికి దారిని నేర్పినది. రెండవ ఆపద తూచి చూచుటను నేర్పినది.

ఆటలలోను ఈ భేదము కలదు. వైకుంఠ ఏకాదశినాటి రాత్రి జాగరమునకు కూర్చున్నవారు పరమపద సోపానపటమును పరచి గవ్వలు వేయుట తెలుగునాట చిరకాలాచారము. ఆ పటములోని పాములు ఒక్కొక్కటి ఒక్కొక్క గడిలో నోరు తెరచుకొని యుండును. నిన్న ఏ గడిలో నున్నదో నేడును ఆ గడిలోనే యుండును. నాలుగుమారులు ఆడిన బాలుడు కన్నులు మూసికొనియైనను ఏ పాము ఎచ్చట కాచుకొని యున్నదో చెప్పగలడు. చెప్పగలిగియు తప్పించుకొనలేడు. గవ్వలు ఎంత పలికిన అంత నడువవలసినదే గాని, ఆగుటకుగాని వెనుదిరుగుటకుగాని అతనికి స్వాతంత్ర్యము లేదు. పులిజూదము దీనికి విపర్యయము. అందు గవ్వలే లేవు, అంతయు ఆలోచనయే. ఒక ఆటలో విధి మాత్రమే కలదు, బుద్ధికి పని లేదు. వేరొక ఆటలో బుద్ధి మాత్రమే కలదు, విధికి చోటు లేదు.

పాము గడి విడిచి తిరుగ నారంభించినచో ఏమగును? అదే సమయమున ఆటగానికి ఆగుటకును, వెనుదిరుగుటకును, ప్రక్కదారి పట్టుటకును స్వాతంత్ర్యము లభించినచో ఏమగును? జాలరికి సముద్రము నేర్పు విద్యను ఆట కూడ నేర్పగలదా? ఈ ప్రశ్నలకు సమాధానముగా నిలిచిన ఆట యొకటి కలదు. అది పుట్టి అర్ధశతాబ్ది దాటినది.

నేలమాళిగ ఆట

1974వ సంవత్సరమున అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట వెలువడినది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దాని కర్తలు. ఒక చిన్న పెట్టెలో మూడు పలుచని పుస్తకములు. తొలి ముద్రణము వేయి ప్రతులు మాత్రమే. కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు మిత్రులు, మాటాడుటకు నోరు - ఇవియే ఆ ఆటకు కావలసిన పరికరములు.

ఆడువారిలో ఒకడు మధ్యస్థుడుగా నుండును. అతడు ముందుగనే ఒక నేలమాళిగ పటమును రహస్యముగా గీసికొనును. ఏ గదిలో ఏ భూతమున్నది, ఏ గోడవెనుక ఏ నిధి యున్నది అతనికొక్కనికే తెలియును. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు: ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు తాళములు విప్పు నేర్పరి. వారు కాగడా వెలిగించుకొని మెట్లు దిగుదురు. “ఎడమవైపు తలుపు తెరచెదము” అని వారు అందురు. తలుపువెనుక ఏమి కనబడినదో మధ్యస్థుడు చెప్పును. ఏమి చేయవలెనో మరల వారే నిర్ణయింతురు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘పాతాళదుర్గం’ మొదలగు ధారావాహికలను చదివిన తెలుగువారికి ఈ లోకము కొత్తది కాదు. కొండగుహలు, సొరంగములు, వికృతాకారములు, మాంత్రికులు అందు పుష్కలముగా కలవు. కాని అచ్చట పాఠకుడు వినువాడే. కథానాయకుడు తప్పుదారి పట్టుచున్నాడని తెలిసినను “వెనుదిరుగుము” అని చెప్పజాలడు. మరుసటి నెల సంచికకొఱకు ఎదురు చూడవలసినదే. ఈ ఆటలో పాఠకుడే కథలోనికి దిగును. తప్పు చేసిన తానే చేయవలెను. బ్రతికిన తానే బ్రతుకవలెను.

అట్లయిన చిక్కు ఒకటి వచ్చును. గదులలోని భూతములన్నియు తమ తమ గదులలోనే కూర్చుండి యున్నచో ఆటగాండ్రకు తొందర యేమి? ఒక్కొక్క గోడను వ్రేళ్ళతో తట్టి చూడవచ్చును. ఒక్కొక్క రాయిని పెకలించి చూడవచ్చును. అలసిన గుమ్మములో పండుకొని, లేచి, మరల బయలుదేరవచ్చును. కాలమునకు వెల లేనిచోట సాహసమునకును వెల లేదు. నేలమాళిగ ఒక వస్తుప్రదర్శనశాల యగును. సాహసికులు టిక్కెట్టు కొన్న సందర్శకులగుదురు.

ఈ చిక్కునకు ఆటకర్తలు కనుగొనిన ఉపాయమే సంచారభూతము. ఏ గదికిని చెందక నడవలలో తిరుగాడు జీవులకు ఆ పేరు చెల్లును. అవి ఎప్పుడు ఎదురగునో మధ్యస్థునికి కూడ తెలియదు. పాచిక చెప్పవలెను.

పదినిమిషముల వెల

1974నాటి నియమము మిక్కిలి సరళము. ఆటలోని కాలమును పది పది నిమిషముల మలుపులుగా విభజింతురు. ప్రతి మలుపు చివరను మధ్యస్థుడు ఆరు ముఖముల పాచిక నొకదానిని వేయును. 6 పడినచో సంచారభూత మొకటి వచ్చినట్లు. తక్కిన ఏ అంకె పడినను నడవ నిశ్శబ్దముగా నున్నట్లు. 1981లో టామ్ మోల్డ్వే సంస్కరించిన కూర్పులో ఈ నియమము కొంత మెత్తబడినది: రెండు మలుపులకు ఒకమారు పాచిక వేయవలెను, 1 పడినచో భూతము వచ్చును. ఆ కూర్పు ప్రకారము కాగడా ఆరు మలుపులు, అనగా ఒక గంట కాలును.

గణితోపాధ్యాయునికి ఇచ్చట మంచి పాఠ మొకటి దొరకును. పాత నియమము ప్రకారము ఒక కాగడా కాలులోపల పాచిక ఆరుమారులు పడును. “భూతము రాకుండ కాగడా ముగియుట సాధ్యమా?” అని తరగతిని అడిగినచో పెక్కుమంది బాలురు సాధ్యము కాదందురు. ఆరు ముఖములు, ఆరు మారులు; కనుక ఒకమారైనను 6 పడవలెనని వారి లెక్క. లెక్క తప్పు. ఒకమారు వేసినప్పుడు భూతము రాకుండుటకు ఆరింట అయిదు పాళ్ళు అవకాశము కలదు. ఆ భిన్నమును ఆరుమారులు హెచ్చవేసిన 46,656కు 15,625 వచ్చును. అనగా నూటికి 33 పైచిలుకు. మూడు కాగడాలలో ఇంచుమించు ఒకటి ఏ భూతమును చూడకయే కాలిపోవును. 1981నాటి నియమములో గంటకు మూడుమారులే పాచిక పడును గనుక, భూతము రాకుండు అవకాశము 216కు 125; నూటికి 58కి కొంచెము తక్కువ.

మరియొక భ్రమ యున్నది. అయిదుమారులు 6 పడలేదు గనుక ఆరవమారు తప్పక పడునని కొందరు బెదరుదురు. ఇప్పుడే ఒక భూతము వచ్చి పోయినది గనుక ఇక కొంతసేపు భయములేదని మరికొందరు ధైర్యపడుదురు. ఇద్దరును పొరబడినవారే. పాచికకు జ్ఞాపకము లేదు. ఈ ఒక్క వాక్యమును నల్లబల్లపై వ్రాసి బోధించుట కష్టము. చేతిలో కొడిగట్టుచున్న కాగడాతో, ముందున్న తలుపును తెరువవలెనా వలదా అని తర్జనభర్జన పడు బాలునికి అది రెండు గంటలలో వంటబట్టును.

ఈ నియమమునకు జంటగా మరియొక నియమము కలదు. అది లేనిచో మొదటిదాని సారస్యము తెలియదు. ఆ తొలికూర్పులలో ఆటగాండ్రకు ఉన్నతి ముఖ్యముగా నిధివలన కలుగును. బయటికి చేర్చిన బంగారు నాణెమునకు ఒక అనుభవాంకము చొప్పున లభించును. భూతమును చంపుటవలన లభించు అంకములు స్వల్పములు. గదిలోని భూతము నిధికి కాపు కాయును. సంచారభూతమువద్ద సాధారణముగా నిధి యుండదు. కావున దానితో పోరాడుట నష్టమే గాని లాభము కాదు. రక్తము పోవును, మంత్రములు ఖర్చగును, కాలము గడచును. చేతికి వచ్చునది సున్న.

అందువలన తెలివిగల ఆటగాడు కత్తి దూయుటకు ముందు తన్ను తాను ప్రశ్నించుకొనును. ఈ గోడను మరి పదినిమిషములు వెదకుట తగునా? గాయపడిన మిత్రుని మోసికొని ఇప్పుడే పైకి పోవుట మేలా? పారిపోవుట సిగ్గుచేటని భావించు బాలునికి, పారిపోవుట కూడ ఒక నిర్ణయమేనని ఈ ఆట నేర్పును. 2000లో వెలువడిన మూడవ కూర్పునాటికి అనుభవాంకములు ప్రధానముగా ఆపదలను జయించుటవలననే లభించునవి ఆయెను. ఆ మార్పుతో సంచారభూతము స్వభావమే మారిపోయినది. వెనుకటి నష్టము ఇంటికి నడచివచ్చు ఆదాయ మాయెను. దానిని తప్పించుకొనవలసిన పని తప్పినది. తప్పించుకొను నేర్పును అరుదాయెను.

ఎదురైనదెల్ల శత్రువు కాదు

సంచారభూతము అనగానే మీదబడి కరచునదని తలచుట తొందరపాటు. 1981నాటి కూర్పులో ఎదురుపడిన జీవి మనోభావమును తెలిసికొనుటకు రెండు పాచికలు వేయవలెనను నియమము కలదు. మొత్తము 2 అయినచో వెంటనే దాడి చేయును. 3 మొదలు 5 వరకు పగతో చూచును. 6 మొదలు 8 వరకు ఏమి చేయవలెనో దానికే తోచదు. 9 మొదలు 11 వరకు దాడి చేయక తొలగిపోవును, లేదా మాట వినును. 12 అయినచో మైత్రితో దరిచేరును. రెండు పాచికలు 36 విధములుగా పడగలవు. వానిలో తక్షణ దాడికి ఒక్కటి, గాఢమైత్రికి ఒక్కటి, సందిగ్ధస్థితికి 16. లోకములో ఎదురగు అపరిచితులలో ఎక్కువమంది శత్రువులును కారు, మిత్రులును కారు; వారు సందిగ్ధులు. ఆ సందిగ్ధతలోనే మాటకు విలువ కలుగుచున్నది.

భారతము చదివినవారికి ఈ పట్టిక పరిచితముగనే తోచును. వనములలో తిరిగిన పాండవులకు ఎదురైన భూతములు ఒక్క తీరున లేవు. కామ్యకవనమున దారి కడ్డము నిలిచిన కిర్మీరుడు పోరునే కోరెను. భీముని చేత చచ్చెను. హిడింబుడు మనుష్యగంధమును పసిగట్టి చెల్లెలిని పంపగా, చంపవచ్చిన హిడింబి భీముని వలచి మిత్రురాలాయెను. ఆమె కడుపున పుట్టిన ఘటోత్కచుడు కురుక్షేత్రమున పాండవులకు అక్కరకు వచ్చెను. కొండచిలువ రూపముననున్న నహుషుడు భీముని చుట్టి పట్టినప్పుడు వేయేనుగుల బలమును పనికిరాలేదు. ధర్మరాజు చెప్పిన సమాధానములే తమ్ముని విడిపించెను. కొలనివద్ద యక్షుని హెచ్చరికను లెక్కచేయక నీరు త్రాగిన నలుగురు తమ్ములును కూలిరి. నిలిచి విని బదులు చెప్పిన అన్న నలుగురను బ్రతికించుకొనెను. నాలుగు ఎదురుపాట్లు, నాలుగు ఫలములు. అన్నింటికి గదయే మందనుకొన్నవాడు రెండింట ప్రాణము పోగొట్టుకొనెడివాడు.

ఈ యక్షప్రశ్నల ఘట్టమును తెనుగు చేసినవాడు కొత్తపట్నమునకు దూరపు కవి కాడు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱాప్రగడ, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున వెలసినవాడు. అడవిలో అనుకొనక ఎదురైనవాడు ఎవడో తెలియకమున్నే బాణము సంధింపవలదను నీతిని ఈ ప్రాంతపు తెలుగువారు పదునాలుగవ శతాబ్దమునుండి తమ భాషలోనే చదువుకొనుచున్నారు.

పాచికయు జూదమును

పాచికల పేరు వినగనే పెద్దలు కొందరు ముఖము చిట్లింతురు. వారి శంక నిర్హేతుకము కాదు. ఋగ్వేదములోని అక్షసూక్తము మొదలు ధర్మరాజు సభవరకు పాచిక చేసిన కీడునకు సాక్ష్యములు చాల కలవు. కాని కీడు పాచికలో లేదు. పణములో నున్నది, కపటములో నున్నది. నేలమాళిగ ఆటలో ఎవరును పైకము ఒడ్డరు. ఒకడు గెలిచి ఒకడు ఓడుటయు లేదు. అందరును కలిసి దిగుదురు. అందరును కలిసి పైకి వత్తురు, లేదా అందరును చిక్కుదురు. 1980ల ప్రాంతమున అమెరికాలో కొన్ని మతసంఘములు ఈ ఆటను క్షుద్రవిద్యయని ఆక్షేపించెను. ఆ కలకలము క్రమముగా చల్లారినది.

నలచరిత్రలో దీనికి చక్కని దృష్టాంతము కలదు. పాచికలు తెలియక ఆడి నలుడు రాజ్యమును కోల్పోయెను. పిమ్మట రథము నడుపుచు పోవు వేళ ఋతుపర్ణ మహారాజు దారిప్రక్కనున్న తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే వాని సంఖ్యను చెప్పెను. నలుడు నమ్మక రథమును ఆపి లెక్కించి చూచెను, సరిపోయినది. అంతట అశ్వహృదయము నిచ్చి అక్షహృదయమును గ్రహించెను. ఆ విద్య అబ్బిన క్షణముననే అతని నావేశించియున్న కలి వెడలిపోయెను. పూర్వకాలమున పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే యనుట గమనింపదగినది. పాచికకు భయపడినవానిని కలి పట్టెను. పాచికను లెక్కించినవానిని కలి విడిచెను. బాలురను పాచికకు దూరముగా నుంచుటకంటె దానిని లెక్కింప నేర్పుట మేలు.

మధ్యస్థుని ధర్మము

కపట మెచ్చట ప్రవేశించునో ఇప్పుడు విచారింపవలెను. ఈ ఆటలో మధ్యస్థుని అధికారము అపారము. అతడు చెప్పినదే గోడ, అతడు చెప్పినదే అగాధము. ఆటగాడెవడైన ఎదురు మాటాడినను, అతడు కూర్చిన కథను కాదని వేరొక దారి పట్టినను మధ్యస్థునికి కోపము రావచ్చును. అప్పుడతడు పాచిక వేసినట్లు నటించి, “ఇదిగో సంచారభూతము వచ్చినది” అనవచ్చును. తెరచాటున పడిన పాచిక ఎవరికి కనబడును? శిక్ష పడినదని బాలునికి తోచును గాని, శిక్షించినది పాచికయా మనిషియా అని తెలియదు. అట్లే తనకు ప్రియమైన ఆటగాడు చిక్కుల్లో నున్నప్పుడు 6 పడినను పడలేదని దాచవచ్చును. మొదటిది క్రౌర్యము, రెండవది దయవలె కనబడు క్రౌర్యము. ఏలయన ఆపద నిజము కాదని ఒకమారు తెలిసిన పిమ్మట బాలుని ధైర్యమును నిజము కాకపోవును.

కథ చెప్పుటయే ముఖ్యమనువారు దీనికి అడ్డు చెప్పుదురు. పాచికమీద వచ్చిన భూతము కథకు సంబంధము లేనిదనియు, చక్కగా సాగుచున్న ఘట్టమును చెరచుననియు, మంచి మధ్యస్థునికి ఎప్పుడు ఏమి రావలెనో పాచికకంటె బాగుగా తెలియుననియు వారి వాదము. ఇందు సత్యము కొంత కలదు. ఊరక పడిన పాచిక, ఊరక వచ్చిన తోడేలు, అరగంట పోరు, మరల నడక - ఇది విసుగే. కాని దోషము పాచికది కాదు, పట్టికది. భూతమునకు ఊరు, పేరు, పని ఏమియు నియ్యక దారిలోనికి త్రోసిన అది అడ్డుపుల్లగనే యుండును. ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఎచ్చటికి పోవుచున్నది, ఏమి వెదకుచున్నది అను మూడు సంగతులు నిర్ణయించిన చాలును. ఆ భూతమే నేలమాళిగకు ప్రాణము పోయును. అప్పుడు పాచిక పలికినది విన్న మధ్యస్థుడును ఆటగాండ్రతో సమానముగా ఆశ్చర్యపడును. కథను తానొక్కడే నడుపుటలేదని అతనికి తెలియవచ్చును. ఆ వినయము ఆటకు మేలు, బడికిని మేలు.

మోటుపల్లి రాతిపలక

ఈ ధర్మమును రాతిమీద చెక్కినవారు కొత్తపట్నపు తీరముననే, ఉత్తరముగా రెండు మూడు ఆమడల దూరముననే కలరు. అది మోటుపల్లి. కాకతీయుల కాలమున పేరుగాంచిన రేవు. అచ్చటి వీరభద్రాలయమున కాకతి గణపతిదేవుడు శాలివాహన శకము 1166, అనగా క్రీస్తుశకము 1244-45లో వేయించిన అభయశాసనము కలదు. దాని సారాంశ మిది. పరదేశములకు పోవుచు, పరదేశములనుండి వచ్చుచు నుండు ఓడలు తుపాను దెబ్బకు పగిలి ఈ ఒడ్డున పడినప్పుడు పూర్వరాజులు వానిలోని సరకునంతను బలవంతముగా హరించెడివారు. ప్రాణములకు తెగించి సముద్రము దాటు వర్తకులకు ధనము ప్రాణముకంటె ప్రియమైనదని గుర్తెరిగి, గణపతిదేవుడు కనికరముతో ఆ సరకును విడిచిపెట్టెను. నిర్ణీతమైన సుంకమును మాత్రమే నిలుపుకొనెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక పాలు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడ ఆ రేవునందు వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించెను.

తుపానును ఆపు శక్తి గణపతిదేవునికి లేదు. ఆపుదునని అతడు చెప్పలేదు. అతడు చెప్పినది వేరొకటి: సముద్రము కొట్టిన దెబ్బకు తోడు తన దెబ్బ పడదని; తాను తీసికొనునది ఎంతయో ముందుగనే వెల్లడించి, అంతకు మించి తీసికొననని. వర్తకునికి కావలసినది ఆపద లేని సముద్రము కాదు. అట్టి సముద్రము లేదని అతనికి తెలియును. ఆపద సముద్రమునుండియే రావలెను గాని రాజునుండి రాకూడదు. అప్పుడే అతడు లాభనష్టములను తూచుకొని ఓడ నెక్కగలడు.

సంచారభూతము విషయమున మధ్యస్థుడు చేయవలసినదియు ఇంతే. ఎన్ని నిమిషములకు పాచిక పడునో, ఏ అంకెకు భూతము వచ్చునో ఆటకు ముందే అందరికి చెప్పవలెను. పాచికను అందరు చూచునట్లు వేయవలెను. పడినదానిని తన కోపముచేతగాని, తన దయచేతగాని మార్పరాదు.

ఇసుకదిబ్బల క్రింద

కొత్తపట్నములోని ఒక ఉపాధ్యాయుడు తన తరగతికొఱకు ఇట్టి ఆట నొకటి కూర్పదలచినచో సరంజామా అంతయు ఊరిలోనే దొరకును. తీరపు ఇసుకదిబ్బల క్రింద పూర్వపు వర్తకుడొకడు కట్టించిన గిడ్డంగి పూడిపోయినదని కల్పింపవచ్చును. పది గదులు, మూడు నడవలు చాలును. నూనెలో తడిపిన పాతగుడ్డ చుట్టిన కాగడా ఆరు మలుపులు వెలుగును. ఒక గదినిండ పత్తి బోరెములు. అచ్చట కాగడా జారినచో ఏమగునో చెప్పనక్కరలేదు. వేరొక గదిలో ఎండుమిరపకాయల బస్తాలు. వీనిని పటములో నుంచి మధ్యస్థుడు ఊరకుండవచ్చును. వాని ప్రయోజనమును పిల్లలే కనిపెట్టుదురు.

సంచారభూతముల పట్టికకు ఆరు పంక్తులు చాలును. ఒకటి: చీకటిలో తెల్లబడిన పెద్ద పీతల గుంపు, వెలుగునకు బెదరును, చేపవాసనకు వచ్చును. రెండు: ఆ నిధికొఱకే దిగిన దొంగలు ముగ్గురు, వారి కాగడా ఆరిపోయినది, వారికి దారి తెలియదు. మూడు: సరకును లెక్కించుచు తిరుగు పాత గుమాస్తా దయ్యము, లెక్క తప్పినదని దాని బాధ, లెక్క సరిచేసినవారికి దారి చూపును. నాలుగు: గోడలు తవ్వు పందికొక్కు రాక్షసి, దాని వెనుక కొత్త సొరంగ మేర్పడును. అయిదు: తప్పిపోయిన మేకను వెదకుచు లోనికి వచ్చిన జాలరి పిల్లవాడు. ఆరు: ఆటుపోటుల నీరు, నడవలలో జానెడు ఎత్తున పైకి వచ్చును. ఆరవది భూతము కాదు, కాని దానితో పోరాడజాలరు. కాలము మించినదని చెప్పుటకు అంతకంటె మంచి దూత లేదు.

ఇందు మూడు జాగ్రత్తలు అవసరము. భూతము హఠాత్తుగా మీదబడరాదు. తడిసిన అడుగుజాడ, దూరపు గీకుడు, చల్లని గాలి వంటి గుర్తు ముందుగా కనబడవలెను. గుర్తును గమనించినవానికి దాగుకొనుటకు సమయ మియ్యవలెను. రెండవది: ఒకమారు చచ్చిన భూతమును పట్టికనుండి కొట్టివేయవలెను, దొంగలు ముగ్గురే యైనచో ముగ్గురే. భూతములకును లెక్క యున్నప్పుడే నేలమాళిగ ఊరివలె నమ్మదగినదగును. మూడవది: పోరు తప్ప వేరు దారి లేని భూతము పట్టికలో ఒకటికి మించి యుండరాదు.

అట్టి ఆటలో పందికొక్కు రాక్షసి ఎదురైనప్పుడు బాలిక యొకతె కత్తి తీయక, బస్తాలోని ఎండుమిరపకాయలను గుప్పెడు తీసి కాగడా నిప్పులపై వేసి పొగ పెట్టెదనని చెప్పినచో మధ్యస్థుడు ఏ పుస్తకమును తిరగవేయనక్కరలేదు. మిరపకాయ ఘాటు ఎట్టిదో ఆ మండలమునందలి ఏ పిల్లకును నేర్పనక్కరలేదు. రాక్షసి తుమ్ముచు పారిపోవును. కాని ఆ పొగ నడవలో నిలిచిపోవును. వచ్చిన దారినే పోవుటకు వీలుండదు. కాగడా మిగిలినది రెండు మలుపులు. పాచిక మధ్యస్థుని చేతిలో నున్నది. ముందునకు పోవుటయా, పొగ తగ్గువరకు నిలుచుటయా? తరగతి యంతయు ఆ క్షణమున ఊపిరి బిగబట్టును. ఆ నిశ్శబ్దములో వారు నేర్చుకొనుచున్నది గణితమో, నీతియో, భాషయో విడదీసి చెప్పుట కష్టము.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ కెరటము ఈ తీరమును తాకినది. అట్టి ఆపదను ఏ పాచికయు అనుకరింపజాలదు. అనుకరింపబూనుట తగదు కూడ. కాని దాని వేళ తెలియకపోయినను అటువంటిది రాగలదని తెలిసి మసలుట, గుర్తు కనబడగనే వెనుదిరుగుట, వచ్చిన పిమ్మట ఒకరి దెబ్బకు మరియొకరి దెబ్బ తోడుకాకుండ చూచుట - ఇవి చిన్ననాట అభ్యసింపదగిన గుణములు. పడవ నీటిలోనికి త్రోయు జాలరి వానిని సముద్రమువద్ద నేర్చినాడు. బడిలోని బాలుడు ఒక చిన్న పాచికవద్ద నేర్వవచ్చును, ఆ పాచికను వేయు చేయి నిజమైనదైనచో.